కొత్త హార్డ్ డిస్క్ అన్నారు, అప్పటికే 31,508 గంటలు తిరిగేసింది

ఇంట్లో కంప్యూటర్‌కి హార్డ్ డిస్క్ కొనబోయేవాళ్లు, పాడైన డిస్క్‌ని రిపేరుకి ఇవ్వబోయేవాళ్లు ఇది చదివి వెళ్లండి. రెండు నెలల్లో నాకు రెండు దెబ్బలు తగిలాయి, రెండూ ఒకే షాపులో. మొదటి దాంట్లో సగం తప్పు నాదే, అదీ చెప్తాను.

మాది 2017లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్, 1 టీబీ డిస్క్. డి డ్రైవ్‌లో ఫొటోల ఫోల్డర్ తెరిస్తే అర నిమిషం పైనే తిరుగుతూ కూర్చునేది. పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంటే ప్రతిసారీ ఒకే వీడియో దగ్గర ఆగిపోయేది. డిస్క్ ఆరోగ్యం చూపించే, ఉచితంగా దొరికే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే పసుపు రంగులో ‘కాషన్’ అని వచ్చింది. సి5 అనే వరుసలో సున్నా ఉండాల్సిన చోట ఏదో అంకె ఉంది. డిస్క్ చదవలేక, ఏం చేయాలో తేల్చుకోలేక పెండింగులో పెట్టుకున్న సెక్టార్ల (డేటా రాసుకునే చిన్న చిన్న గడుల) లెక్క అది.

అక్కడే ఆగి, ముఖ్యమైనవన్నీ వేరే డిస్క్‌లోకి తీసేసుకోవాల్సింది. నేనేమో యూట్యూబ్ వీడియో ఒకటి చూసి, విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్ అనే సాధనాన్ని ‘ఆర్’ ఆప్షన్‌తో నడిపించి పడుకున్నాను. తెల్లారి చూస్తే 11 శాతం దగ్గరే ఉంది, లోపల్నుంచి సన్నగా టిక్కు టిక్కుమని చప్పుడు. చెక్‌డిస్క్ సరిచేసేది ఫైళ్ల పట్టీని, డిస్క్‌ని కాదు. పైగా ‘ఆర్’ పెడితే సెక్టారు సెక్టారూ చదవడానికి చూస్తుంది. ఆయాసపడుతున్న మనిషిని ఐదంతస్తులు ఎక్కించినట్టయింది.

భయపడి షాపుకి తీసుకెళ్లాను. కౌంటర్లో కుర్రాడు చప్పుడు విని, “బ్యాడ్ సెక్టార్లు రిపేర్ చేసేస్తాం సార్, 1200 అవుతుంది” అన్నాడు. డేటా జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాను. తలూపాడు. రెండు రోజుల తర్వాత స్క్రీన్ మీద సి5 సున్నా అయిందని గర్వంగా చూపించాడు. ఇంటికొచ్చి చూస్తే డి డ్రైవ్ ఖాళీ. ఫోన్ చేస్తే, “బ్యాకప్ ఉందనుకున్నాం సార్.”

వాళ్లు చేసిన ‘రిపేర్’ ఏమిటో తర్వాత అర్థమైంది. ఫుల్ ఫార్మాట్ కొట్టారు, అంతే. విండోస్ విస్టా కాలం నుంచీ ఫుల్ ఫార్మాట్ అంటే డ్రైవ్ అంతటా సున్నాలు రాయడమే. అలా రాసేటప్పుడు నిలబడని సెక్టార్లని డిస్క్ తనే పక్కకి నెట్టి, వాటి బదులు లోపల దాచుకున్న స్పేర్ సెక్టార్లు వాడుకుంటుంది. అలా మార్చిన సెక్టార్లు సి5 లెక్కలోంచి వెళ్లి, మార్చిన వాటిని లెక్కపెట్టే 05 వరుసలో చేరతాయి. అప్పు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి మారింది తప్ప తీరలేదు. కుర్రాడు నాకు సి5 చూపించాడు, 05 చూపించలేదు. నాన్న షష్టిపూర్తి వీడియో, పాప అన్నప్రాశన ఫొటోలు ఆ సున్నాల కింద పోయాయి. కొన్ని ఫొటోలు చుట్టాల వాట్సాప్‌లో అరిగిపోయిన సైజులో దొరికాయి, వీడియో మాత్రం లేదు.

తెలిసిన మనిషైతే ముందు డీడీ రెస్క్యూ లాంటి కాపీ సాఫ్ట్‌వేర్‌తో ఇంకో డిస్క్‌కి కాపీ తీస్తాడు. అది బాగున్న చోట్లన్నీ ముందు లాగేసి, మొండికేసిన చోట్లకి చివర్న వస్తుంది. కాబట్టి షాపులో “డేటాకేం కాదు” అంటే ఎలా తీస్తారో అడగండి, ఒప్పుకున్న మాట కాగితం మీద రాయించుకోండి. టిక్కు కాదు, గట్టిగా టకటకమంటుంటే మాత్రం మళ్లీ ఆన్ చేయనే వద్దు. “మూత తీసి చూస్తాం” అన్న షాపులోంచి డిస్క్ తీసుకుని బయటికి వచ్చేయండి. లోపల పడిన చిన్న ధూళి కూడా డేటా ఉండే పళ్లేన్ని (ప్లాటర్‌ని) గీకేస్తుంది.

మూడు వారాలకి సి5 మళ్లీ లేచింది. అప్పటికైనా షాపు మార్చాలి కదా! దగ్గరని మళ్లీ అక్కడికే వెళ్లాను. 2 టీబీ కొత్త డిస్క్ 3,400 అన్నాడు, బిల్లు లేకుండా. సీల్ చేసిన వెండి రంగు కవరు, లోపల తళతళలాడే లేబుల్. ఇంటికొచ్చి బిగించి, అలవాటుగా క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెరిచాను. నీలం రంగులో ‘గుడ్’. హమ్మయ్య అనుకుని మూసేయబోతూ 09 వరుస చూశాను. పవర్ ఆన్ గంటలు: 7బి14. ఈ అక్షరాలేంటని ముందు పట్టించుకోలేదు. తర్వాత వెలిగింది, ఆ సాఫ్ట్‌వేర్ అంకెల్ని మామూలుగా హెక్సాడెసిమల్‌లో (అంకెలతోపాటు ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ వాడే లెక్కలో) చూపిస్తుంది. సెట్టింగుల్లో రా వాల్యూస్‌ని డెసిమల్‌కి, అంటే మనం వాడే మామూలు అంకెలకి మారిస్తే 31,508 అని వచ్చింది. ఏడాదికి 8,760 గంటలు. అంటే మూడున్నరేళ్లకు పైగా ఆగకుండా తిరిగిన డిస్క్. అన్ని గంటల్లో ఆన్ చేసింది 41 సార్లే. ఇంట్లో కంప్యూటర్ అలా నడవదు. ఏ సీసీ కెమెరా డీవీఆర్‌లోంచో, సర్వర్లోంచో పీకి ఉంటారని నా అనుమానం.

కుర్రాణ్ని అడిగితే, “అది ఫ్యాక్టరీ టెస్టింగ్ అవర్స్ సార్” అన్నాడు. మూడున్నరేళ్ల టెస్టింగ్! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కంపెనీ వెబ్‌సైట్లో సీరియల్ నంబరు కొట్టి, వారంటీ ఎప్పుడో అయిపోయిందని ఫోన్లో చూపించాక మాట తగ్గించాడు.

గంటలు తక్కువ ఉన్నాయని పూర్తిగా నమ్మడానికీ లేదు, ఆ లెక్కని చెరిపేసేవాళ్లున్నారు. 2025 మొదట్లో జర్మనీలో ఇదే బయటపడింది: వాడేసిన సీగేట్ డిస్కులు కొత్తవిగా అమ్ముడయ్యాయి, స్మార్ట్ లెక్కలో (క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో చూపించేది ఇదే) గంటలు సున్నాకి దగ్గరగా ఉన్నాయి. ఫార్మ్ అనే ఇంకో లాగ్‌ని మాత్రం చెరపలేదు, అక్కడ దొరికిపోయారు. సీగేట్ డిస్క్ కొంటే స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌తో ఆ లాగ్ కూడా చూసుకోండి.

అన్నిటికన్నా సులువైన పని, డబ్బు ఇచ్చేముందే షాపు కంప్యూటర్‌కి తగిలించి 09, 05, సి5 వరుసలు చూపించమనడం. సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకపోవడంతో నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా చేతిలో ఆధారం లేదు. ఇంకోటి, డిస్క్ మార్చాలని ఎవరైనా అనగానే ఒప్పుకోకండి. మా ఆఫీసులో ఒకాయనకి అలాగే చెప్పారు. చూస్తే 05, సి5 రెండూ సున్నా, సి7 మాత్రం రోజూ పెరుగుతోంది. సి7 అంటే డిస్క్‌కీ కంప్యూటర్‌కీ మధ్య డేటా వెళ్లేటప్పుడు వచ్చే తప్పుల లెక్క, సాధారణంగా కేబుల్ లోపం. కొత్త సాటా కేబుల్ వేశాక ఆ అంకె అక్కడే ఆగిపోయింది.

గంటసేపు వాదిస్తే 2,500 వెనక్కిచ్చాడు. మిగతా 900, ముందిచ్చిన 1200 పోయినట్టే. నేను కౌంటర్ దగ్గర డబ్బులు లెక్కపెట్టుకుంటుండగానే ఆ డిస్క్‌ని ఇంకో వెండి కవర్లో పెట్టి సీల్ చేసి వెనక అరలో పెట్టాడు. ఎవరికి చేరినా గుర్తుపట్టండి: లేబుల్ కుడి పై మూల కొద్దిగా లేచి ఉంటుంది, నా గోరు తగిలి.