చార్లెస్ లాయిడ్ జంట ఆల్బమ్: వయసుతో పండిన సాక్సఫోన్ నాదం

అమెరికా జాజ్ సాక్సఫోన్ విద్వాంసుడు చార్లెస్ లాయిడ్ తన 86వ పుట్టినరోజున, 2024 మార్చి 15న, ‘ది స్కై విల్ స్టిల్ బి దేర్ టుమారో’ అనే రెండు డిస్కుల ఆల్బమ్‌ను బ్లూ నోట్ రికార్డు సంస్థ ద్వారా వెలువరించారు. పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగువారిలో చాలామందికి సాక్సఫోన్ అనగానే కద్రి గోపాల్‌నాథ్ కచేరీయో, పెళ్ళి ఊరేగింపులో బ్యాండుమేళమో గుర్తుకు వస్తుంది. ఆ నిండైన, బిగువైన ధ్వనికి అలవాటుపడిన చెవికి లాయిడ్ వాద్యం మొదట బలహీనంగా తోచవచ్చు. దయచేసి అక్కడే ఆపివేయవద్దు.

సాక్సఫోన్ ఒళ్ళంతా ఇత్తడే అయినా అందులో నాదం పుట్టేది రెల్లుతో చేసిన ఒంటి రీడ్ (పలుచని నాలుక) కంపించడం వల్లనే. లాయిడ్ స్వరంతోపాటు ఊపిరిని కూడా వినబడనిస్తారు. మంద్రస్థాయిలో అయితే గాలి ఎక్కడ ఆగిందో, స్వరం ఎక్కడ మొదలయిందో చెప్పడం కష్టం. 1966లో మాంటెరే జాజ్ ఉత్సవంలో రికార్డయిన ఆల్బమ్ ‘ఫారెస్ట్ ఫ్లవర్’లో ఉరకలు వేసిన ఆయన స్వరాలు ఇక్కడ రెండు మూడు పలికి ఆగుతాయి, మళ్ళీ తొందరపడకుండా అందుకుంటాయి. వయసు ఊపిరిని కుదించినప్పుడు పాత వేగాన్ని పట్టుకుని వేలాడకుండా, ఏ స్వరం వదిలివేయవచ్చో తెలుసుకుని వాయించడమే ఈ ఆల్బమ్‌లో నన్ను కదిలించిన గొప్పతనం. ముఖ్యంగా, 1961లో 23 ఏళ్ళకే మరణించిన బాల్యమిత్రుడు, ట్రంపెట్ కళాకారుడు బుకర్ లిటిల్ స్మృతిగా కూర్చిన ‘బుకర్స్ గార్డెన్’ను రెండోసారి విననిదే ముందుకు వెళ్ళలేకపోయాను.

పియానోపై జేసన్ మొరాన్, బేస్‌పై (మంద్రస్థాయి పలికే పెద్ద తీగవాద్యం) లారీ గ్రెనాడియర్, డ్రమ్స్‌పై బ్రయాన్ బ్లేడ్ ఆ విరామాలను నింపివేయకుండా కాపాడుతారు. పెద్దాయన ఆగిన చోట తామూ ఆగడం తెలిసిన పక్కవాద్యం ఇది.

గంటన్నర నిడివి మాత్రం ఎక్కువే. విలంబ రచనలు వరుసగా రావడంతో రెండో డిస్కులో కొంత ఏకరూపత కనబడుతుంది. ఒక్కో డిస్కును ఒక్కో పూట వినడం మేలు. ఫోను స్పీకరులో బేస్ నాదమూ, ఆ ఊపిరీ రెండూ పోతాయి కనుక హెడ్‌ఫోన్ తప్పనిసరి. జాజ్ బొత్తిగా కొత్త అయినవారు ముందుగా తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్, డ్రమ్స్ కళాకారుడు ఎరిక్ హార్లండ్‌లతో లాయిడ్ 2004లో చేసిన కచేరీ ‘సంగమ్’ వినవచ్చు. తబలా తోడుండటం వల్ల ఆయన నడక మన చెవికి త్వరగా పట్టుబడుతుంది.