ప్రయోగంలో పాల్గొనడమా, వ్యాసం రాయడమా?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో మనస్తత్వశాస్త్ర ప్రాథమిక కోర్సు చదివేవారికి పరిశోధన క్రెడిట్లు (కోర్సులో లెక్కకొచ్చే పాయింట్లు) పొందేందుకు సాధారణంగా రెండు దారులుంటాయి: ప్రయోగాల్లో పాల్గొనడం, లేదా ప్రచురితమైన పరిశోధనపై చిన్న వ్యాసం రాయడం. మొదటిదానిలో సోనా వంటి ఆన్‌లైన్ వ్యవస్థలో సమయం ఎంచుకుని వెళితే, చాలాచోట్ల అరగంటకు అర క్రెడిట్ చొప్పున జమ అవుతుంది. ఇష్టం లేనప్పుడు మధ్యలోనే వైదొలగవచ్చు, ఈ హక్కును మనుషులపై జరిగే పరిశోధనలకు నైతిక సూత్రాలు చెప్పిన 1979 నాటి అమెరికా బెల్మాంట్ నివేదికే ప్రస్తావించింది. వ్యాసానికి వేళల బెడద లేదు. 18 ఏళ్లు నిండనివారికి, తల్లిదండ్రుల అనుమతి చిక్కు వల్ల, తరచు అదే మిగులుతుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి సమానమైన ప్రత్యామ్నాయం చూపాలంటుంది గానీ, వ్యాసానికి పట్టే శ్రమ ఎక్కువైతే ఆ ఎంపిక పేరుకే. నా మటుకు మొదటిదే మేలు, ముగిశాక పరిశోధకులు అసలు ఉద్దేశాన్ని వివరించే ఆ కొద్ది నిమిషాల కోసమైనా.