లెర్నింగ్ సర్కిల్స్: చాలా ఏళ్లు వాడాక ఒక వైజాగ్ టీచర్ అభిప్రాయం

మీ పిల్లలు విదేశీ పిల్లలకి వీడియోలో హాయ్ చెప్పి, ఆ ఫొటో స్కూలు వాట్సాప్ గ్రూపులోకి వస్తే చాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు. లెర్నింగ్ సర్కిల్స్ అంటే వేర్వేరు దేశాల క్లాసులు ఒకదానికొకటి రాసి పంపుకునే పని, అదీ నెలల తరబడి సాగేది. నాకు నచ్చింది అందుకే, చాలా స్కూళ్లు మధ్యలో వదిలేసేదీ అందుకే.

నేను విశాఖలో ఒక మామూలు ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకి సోషల్ చెబుతాను. ఐఎర్న్ అనే అంతర్జాతీయ నెట్‌వర్క్‌లో నడిచే లెర్నింగ్ సర్కిల్స్‌లో మా పిల్లలు చాలా ఏళ్లుగా ఉన్నారు. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్న రోజుల్లో, 1988లో, న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని స్కూళ్లనీ మాస్కోలో కొన్ని స్కూళ్లనీ కలిపిన ప్రయత్నంతో ఈ నెట్‌వర్క్ మొదలైంది. ఇప్పుడు 140కి పైగా దేశాల్లో ఉంది. ఇక్కడ ఎవరు ఏ ప్రాజెక్టు పెట్టినా, దానివల్ల ఈ భూమ్మీద బతుకు ఏ రకంగా మెరుగవుతుందో ముందు చెప్పాలి. మొదట్లో ఇదేదో పెద్ద మాటలా అనిపించింది గానీ, ఆ ప్రశ్న ముందు పెడితే పిల్లలు తీసుకునే అంశాలే మారిపోతాయి.

పద్ధతి సులువే. ఆరు నుంచి ఎనిమిది క్లాసులని, వేర్వేరు దేశాలవాటిని, ఒక సర్కిల్‌గా కలుపుతారు. ప్రతి క్లాసూ తనకంటూ ఒక అంశం తీసుకుని, దాని మీద రాసి పంపమని మిగతా క్లాసులని అడుగుతుంది. వాళ్లు అడిగినవాటికి మనమూ రాసి పంపాలి. చివర్లో మన అంశం మీద వచ్చిన రాతలన్నీ మన పిల్లలే ఏరి, దిద్ది, ఒక పుస్తకంగా చేసి అందరికీ పంపాలి. మార్గరెట్ రీల్ అనే ఆవిడ ఇళ్లలోకి ఇంటర్నెట్ రాకముందే తయారుచేసిన పద్ధతి ఇది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కారణం నాకు తెలిసినంతవరకు ఒక్కటే, ప్రతి క్లాసూ మిగతా క్లాసులకి బాకీ పడి ఉంటుంది. రాయకపోతే టీచర్‌కి కోపం వస్తుందని కాదు, అవతల ఎవరి పుస్తకంలోనో మన పేజీ ఖాళీగా పోతుందని పిల్లలు రాస్తారు.

ఒక ఏడాది మా అంశం ‘మా ఊరి సముద్రం’. మత్స్యకారులుండే పెదజాలారిపేట నుంచి వచ్చే ఒక అబ్బాయి మొదటిసారి రాసి తెచ్చింది చూస్తే అచ్చం గైడులోంచి ఎత్తినట్టుంది: విశాఖ అందమైన నగరం, రామకృష్ణా బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది, పర్యాటకులు వస్తారు. వాళ్ల నాన్న బోటు మీద వేటకి వెళ్తారని అందులో ఎక్కడా లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుందని మాత్రం చివర్లో ఒక వాక్యం రాశాడు. ఆ రాతనే పంపాం. తైవాన్‌లో తీరం పక్క ఊరి క్లాసు నుంచి తిరిగొచ్చిన ప్రశ్నలన్నీ ఆ ఒక్క వాక్యం మీదే. ఆ రెండు నెలలు మీ ఇంట్లో ఏం తింటారు? బోటు ఎక్కడ పెడతారు? నిషేధం అందరికీ ఉందా? వాడు నా దగ్గరకొచ్చి, ‘మేడం, వేట లేనప్పుడు సంగతి ఏటి రాస్తాం?’ అన్నాడు. ఇంట్లో అడిగి రమ్మన్నాను. మర్నాడు రెండు పేజీలు తెచ్చాడు. వలలు ఇంటి ముందు పరిచి చిరుగులు కుట్టడం, ఇంజిన్ విప్పి బాగుచేయించడం, సర్కారు ఇచ్చే భృతి ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడటం, వాళ్లమ్మ ఎండుచేపలు గంపలో పెట్టుకుని అమ్మడానికి వెళ్లడం. ఇంజిన్ బోట్లకే నిషేధం, తెడ్డేసుకుని వెళ్లే తెప్పలకి లేదు కాబట్టి ఆ రోజుల్లో వాళ్ల తాత ఒక్కడే సముద్రం మీదకి వెళ్తాడట, ఇంట్లో అందరికంటే పెద్దవాడు. ఆ వాక్యం రాయమని వాడికి ఎవరూ చెప్పలేదు. నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలం కోసమని పుస్తకంలో నేనెన్నిసార్లు చెప్పానో, ఏమీ తెలియని పిల్లలు అడిగేదాకా వాడికి అది తన ఇంటి సంగతి అనిపించలేదు. ఏ వర్క్‌షీటూ ఈ పని చేయలేదని నేను గట్టిగా చెప్పగలను.

ఇంగ్లిష్ రాదని పిల్లల్ని పక్కన పెట్టకండి. మా దగ్గర ముందు తెలుగులోనే రాస్తారు. తర్వాత ఇద్దరిద్దరు కూర్చుని ఇంగ్లిష్‌లో పెడతారు, నేను వ్యాకరణం మాత్రం చూస్తాను. తెలుగులో బాగా వచ్చిన కథల్ని విడిగా స్టోరీవీవర్‌లో పెడుతున్నాం. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో తెచ్చిన ఈ సైట్‌లో ఎవరైనా కథ పెట్టొచ్చు, ఓపెన్ లైసెన్స్ కాబట్టి దాన్ని ఎవరైనా తమ భాషలోకి తిప్పుకోవచ్చు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్క రంగులతో బొమ్మలు చేసే ఇంటి గురించి మా తొమ్మిదో తరగతి అమ్మాయి రాసిన కథ అలాగే పెట్టాం. అంతర్జాతీయం అనగానే ఇంగ్లిష్ ఒక్కటే అనుకోవడం నాకు నచ్చదు.

ఇక ఇబ్బందులు. అన్నిటికంటే పెద్దది క్యాలెండర్. ఏడాదికి రెండు సెషన్లు, ఒకటి సెప్టెంబర్ ప్రాంతంలో మొదలై జనవరికి ముగుస్తుంది, రెండోది జనవరి నుంచి మే దాకా. రెండోది మనకి కుదరదు. పుస్తకం తయారుచేయాల్సిన సమయానికి మన పిల్లలు పరీక్షల్లో ఉంటారు, ఆ తర్వాత వేసవి సెలవులు, జూన్ దాకా ఎవరూ దొరకరు. మొదటిదాంట్లో దసరా సెలవులు, తుఫాన్లు అడ్డొస్తాయి గానీ సర్దుకోవచ్చు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఊరి మీద పడ్డాక కరెంటు లేదు, ఫోన్లు లేవు. లైన్లు వచ్చాక మెయిల్ తెరిస్తే అన్ని క్లాసుల నుంచీ మీరు ఎలా ఉన్నారనే. ఆ ఏడాది అనుకున్న అంశం పక్కనపెట్టి, పడిపోయిన చెట్ల గురించే రాశాం.

రెండో ఇబ్బంది, మాయమైపోయే క్లాసులు. ఒక స్కూలు మేం పంపినవన్నీ తీసుకుని, ఒక్క ముక్క తిరిగి పంపలేదు. పిల్లలు రోజూ వచ్చి, ‘మేడం, ఇంకా రాలేదా?’ అని అడుగుతుంటే మనకే బాధగా ఉంటుంది. సర్కిల్‌లో మిగతా క్లాసులు ఉంటాయి కాబట్టి ప్రాజెక్టు ఆగదు. ఒకే స్కూలుతో జత కలిపే పద్ధతులు మేం ప్రయత్నిస్తే, అవతలివాళ్లు తప్పుకోగానే అంతా అక్కడితో సరి. ఇంకో సంగతి, పిల్లల మాటలు రికార్డు చేసి దాచుకున్న ఒక ఉచిత వీడియో సైట్ ఆ తర్వాత మూతపడింది. అప్పటి నుంచి ప్రతిదీ పీడీఎఫ్‌గా మా దగ్గరే ఉంచుకుంటున్నాం, డాబాగార్డెన్స్‌లో ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించిన కాపీ ఒకటి లైబ్రరీలో పెడుతున్నాం. ఎక్కువ మంది చేతుల్లో నలిగేది ఆ కాపీయే.

లైవ్ కాల్స్ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, తైవాన్ రెండున్నర, ఉదయం పూట కుదురుతుంది. యూరప్ అయితే మధ్యాహ్నం రెండున్నర తర్వాత. అమెరికా స్కూలు వేళల్లో అసలు కుదరదు. ఏడాదికి ఒకటి రెండు చాలు.

తల్లిదండ్రులు ముందు అడిగేది మార్కులు వస్తాయా అని. రావు, ఆ మాట మొదటి మీటింగ్‌లోనే చెప్పేస్తాను. నేను చూసింది చెబుతాను: ప్రశ్న అడగడం వస్తుంది, రాసింది మళ్లీ చదివి దిద్దుకోవడం వస్తుంది. రెండో ప్రశ్న పేరు, ఫొటో గురించి. ఇది అడగాల్సిన ప్రశ్నే. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపువాళ్లందరూ పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మేం చట్టం రాకముందు నుంచే సంతకం తీసుకుంటున్నాం. ఇంటిపేరు లేకుండా పేరు, తరగతి మాత్రమే రాస్తాం, ముఖాలు కనిపించే ఫొటోలు పెట్టం.

ఈమధ్య కొత్త టెన్షన్ ఒకటి మొదలైంది. అవతలి నుంచి వచ్చే రాతల్లో కొన్ని ఏఐతో రాయించినవని చదవగానే తెలిసిపోతోంది. మా పిల్లలూ ఆ పని చేయబోయారు. అందుకే ఇప్పుడు మా అంశాలన్నీ ఇంటికెళ్లి ఎవరినో ఒకరిని అడిగితే తప్ప రాయలేనివి పెడుతున్నాం: మీ వీధిలో పాత బావి ఏమైంది, చందనోత్సవం రోజు మీ ఇంట్లోవాళ్లు సింహాచలం కొండకి ఎన్నింటికి బయల్దేరతారు, క్యూలో ఏం జరిగింది. అలాంటివాటికి వచ్చే జవాబులు కూడా బాగుంటున్నాయి.

చేరాలనుకునే టీచర్లకి నా మాట: ఒక్క సెక్షన్‌తో మొదలుపెట్టండి, స్కూలు మొత్తాన్నీ దించొద్దు. వారానికి ఒక పీరియడ్ దీనికే అని హెడ్‌మాస్టర్ గారితో టైంటేబుల్‌లో రాయించుకోండి, ‘ఖాళీ దొరికినప్పుడు చేద్దాం’ అనుకుంటే ఎప్పటికీ చేయరు. సెప్టెంబర్ సెషన్‌కే పేరు ఇవ్వండి, దసరా సెలవులు, హాఫ్ ఇయర్లీ పరీక్షల తేదీలు అవతలి క్లాసులకి రాసే మొదటి ఉత్తరంలోనే చెప్పేయండి.