స్ట్రాట్‌ఫర్డ్ ప్రయాణం: ఇల్లు చూడండి, నాటకం మాత్రం వదలకండి

బర్మింగ్‌హామ్‌లో చదువుకునే మన నెల్లూరు పిల్లలు సెలవు దొరికితే లండన్ పరుగెత్తుతారు, లేదంటే ఎవరో ఒకరి గదిలో చేరి బిర్యానీ వండుకుంటారు. గంట రైలు దూరంలో ఉన్న షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ పేరెత్తితే మాత్రం, 'షేక్‌స్పియర్ పాఠాలు ఇంటర్‌లోనే అయిపోయాయి కదా' అని తప్పించుకుంటారు. చదువు ముగించుకుని నేను ఇంటికి వచ్చేశాను. జనవరిలో అక్కడికి బయలుదేరుతున్న మా చెల్లెలి స్నేహితురాళ్లు 'ఏది చూడాలి, దేనికి డబ్బు దండగ, చెప్పక్కా' అని వెంటపడుతున్నారు. ఇది వాళ్ల కోసం.

ముందు ప్రయాణం సంగతి. విద్యార్థులకు వారాంతపు యాత్రలు అమ్మే బస్సుల వాళ్లు అక్కడ చాలామంది ఉంటారు. నా గదిలో ఉండే ఒంగోలు అమ్మాయి అలా వెళ్లి వచ్చింది. ఒకే రోజులో మూడు ఊళ్లు చూపిస్తామని చెప్పి, స్ట్రాట్‌ఫర్డ్‌లో గంటన్నర వదిలారట. అందులో సగం మరుగుదొడ్డి వరుసలోనే గడిచిందని ఇప్పటికీ తిడుతుంది. మీరు రైలెక్కండి. బర్మింగ్‌హామ్ మూర్ స్ట్రీట్ స్టేషన్ నుంచి నేరుగా బండి ఉంది. పదహారు నుంచి పాతికేళ్ల వాళ్లకు ఇచ్చే రైలు కార్డు ఉంటే ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. స్ట్రాట్‌ఫర్డ్ రాబోతుండగా విల్మ్‌కోట్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. షేక్‌స్పియర్ తల్లి మేరీ ఆర్డెన్‌ది ఆ ఊరే.

హెన్లీ వీధిలో షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు చూడటానికి టిక్కెట్టు ఇరవై పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. హోటల్లో గిన్నెలు కడిగే మనలాంటి వాళ్లకు అది దాదాపు రెండు గంటల కూలి. ఆయన పుట్టిన గదంటూ చూపించేదాంట్లో ఒక మంచం, గోడలకు రంగుల బొమ్మల గుడ్డలు, అంతే. వచ్చినవాళ్లు పేర్లు గీకి పోయిన పాత కిటికీ అద్దం కూడా ఆ ఇంట్లోనే ఉంది. గీకిన వాళ్లలో వాల్టర్ స్కాట్ అంతటివాడు ఉన్నాడు కాబట్టి అద్దాల పెట్టెలో దాచి చూపిస్తున్నారు. మన కోటల గోడల మీద గీకేవాళ్లనైతే తిట్టుకుంటాం.

నా డబ్బు గిట్టుబాటైంది కింది అంతస్తులో. తండ్రి జాన్ షేక్‌స్పియర్ చేతి తొడుగులు కుట్టేవాడు. ఆ పనిచోటును తోళ్లు, కత్తెరలు, తొడుగుల అచ్చులతో మళ్లీ అమర్చారు. అక్కడున్న పెద్దావిడ మెత్తటి తెల్లతోలు ముక్క ఒకటి నా చేతికిచ్చి లాగమంది. అడ్డంగా లాగితే సాగింది, నిలువుగా లాగితే బిగుసుకుపోయింది. తొడుగు వేసుకున్నాక చెయ్యి ముడిచినప్పుడు వెడల్పున సాగాలి గానీ వేళ్ల పొడవున సాగితే వదులైపోతుందట. ఏ వైపు ఎలా కత్తిరించాలో తెలియడంలోనే ఆ పనివాడి నేర్పంతా ఉందని చెప్పింది. తోలు తెల్లబడటానికి పటిక, ఉప్పు వాడేవారట. వాసన ఎలా ఉండేదో అడిగితే ఆవిడ ముక్కు మూసుకుని నవ్వింది. ఇదే వీధిలో పెంటకుప్ప వేసినందుకు 1552లో జాన్‌కు జరిమానా పడింది. అదే మనిషి 1568 నాటికి ఊరి పెద్ద అయ్యాడు. ఆవిడ లేకపోతే ఆ గదిని నేను రెండు నిమిషాల్లో దాటేసేదాన్ని. కాబట్టి లోపల ఉన్నవాళ్లను మొహమాటం లేకుండా అడగండి. టిక్కెట్టు ధరలో సగం విలువ వాళ్ల నోట్లోనే ఉంది.

ఇంటి వెనక తోటలో నటులు ఉంటారు. మనం అడిగిన ఘట్టం అక్కడికక్కడే అభినయిస్తారు. నేను వెంటనే తాతయ్యకు వీడియో కాల్ చేశాను. ఆత్మకూరు హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పిన మనిషి. నెల్లూరులో అప్పటికి సాయంత్రం కాఫీ వేళ. 'మర్చంట్ ఆఫ్ వెనిస్' నాటకంలో దయ గురించి పోర్షియా చెప్పే మాటలు కావాలని అడిగితే, ఆ అమ్మాయి ఫోను ముందుకు వచ్చి మొదలుపెట్టింది. తాతయ్య ఆగుతాడా? వరండాలో నుంచి తనూ అందుకున్నాడు. ఫోనులో మాట ఆలస్యంగా రావడంతో ఆయన గొంతు అర వాక్యం వెనకబడి వినిపిస్తోంది. ఆ అమ్మాయి ఏమాత్రం విసుక్కోకుండా, ప్రతి పాదం దగ్గరా ఆగి ఆయన పూర్తి చేసేదాకా ఎదురుచూసింది. చుట్టూ ఉన్న జపాన్ వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంత జరిగాక మా తాతయ్య ఇచ్చిన తీర్పు: 'బాగానే చెప్పింది గానీ కొంచెం తొందరపడిందమ్మాయ్.'

అదే తోటలో టాగోర్ శిల్పం ఉంది. షేక్‌స్పియర్ మూడు వందలవ వర్ధంతికి 1916లో వచ్చిన సంకలనానికి టాగోర్ పద్యం రాసిచ్చాడు. అది చూపిస్తే, 'పక్కన మన తిక్కనకు చోటు లేదా?' అన్నాడు తాతయ్య. పదిహేను పర్వాలు మన పెన్న ఒడ్డున తెనిగించినవాడికి ఇల్లంటూ చూపించడానికి మనకేమీ మిగల్లేదు కదా అన్నాను. 'ఏడు వందల ఏళ్ల నాటి ఇల్లు మిగలకపోవడం వింత కాదు. 1847లో ఈ ఇల్లు వేలానికి వస్తే జనం చందాలు పోగేసి మూడు వేల పౌండ్లకు కొన్నారే, అదీ వింత' అన్నాడు. అమెరికా సర్కస్ వ్యాపారి బార్నమ్ ఆ ఇంటిని ఊడదీసి ఓడలో తీసుకుపోతాడన్న భయం కూడా ఆ చందాలకు కారణమని అక్కడివాళ్లు చెబుతారు.

షేక్‌స్పియర్ పెద్దవాడయ్యాక కొనుక్కున్న న్యూ ప్లేస్ ఇల్లు మాత్రం ఇప్పుడు లేదు. తర్వాతి కాలంలో దాని యజమాని అయిన గాస్ట్రెల్ అనే పాదిరి, చూడటానికి వచ్చేవాళ్ల బెడద పడలేక ముందు పెరట్లోని మల్బరీ చెట్టు నరికించాడు. పన్నుల గొడవ కూడా తోడై 1759లో ఇంటినే కూలగొట్టాడు. ఇప్పుడు అది తోట. పూలంటే పిచ్చి ఉంటే వెళ్లండి. నేనైతే ప్రహరీ మీదుగా తొంగిచూసి ముందుకు కదిలాను.

నది వెంట నడిస్తే హోలీ ట్రినిటీ చర్చి వస్తుంది. షేక్‌స్పియర్ సమాధి దగ్గరికి వెళ్లాలంటే కొద్దిపాటి రుసుము చెల్లించాలి, మారు మాట లేకుండా ఇవ్వండి. రాతి పలక మీద ఆయన పేరు లేదు. నా ఎముకలు కదిపినవాడికి శాపం తగులుతుందని నాలుగు పాదాలు చెక్కి ఉన్నాయి, అంతే. చర్చిలో అంత ముందు చోటు దొరికింది కవి అయినందుకు కాదట. 1605లో 440 పౌండ్లు పెట్టి ఊరి చర్చి పన్నుల రాబడిలో వాటా కొన్నాడు, ఆ హక్కుతో దొరికిందని చెబుతారు. పక్కనే భార్య సమాధి, కూతురు సుసానాది. పదకొండేళ్లకే పోయిన కొడుకు హామ్నెట్ కోసం వెతికితే మాత్రం రాయి కనిపించదు. 1596 ఆగస్టు 11న పూడ్చినట్టు చర్చి పుస్తకంలో ఒక వరుస ఉంది. హామ్నెట్, జూడిత్ కవలలు.

ఇది గుర్తుపెట్టుకుని మధ్యాహ్నం ఆటకు వెళ్లండి. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ వాళ్లు పాతికేళ్ల లోపు వాళ్లకు తక్కువ ధరకు టిక్కెట్లు ఇస్తారు, ముందే తీసుకోవాలి. నేను చూసింది 'ట్వెల్త్ నైట్'. ఓడ మునిగి, కవల అన్న సముద్రంలో పోయాడనుకుని బతికే పిల్ల కథ. చివర్లో అన్న ఎదురుగా వచ్చి నిలబడితే ఆమె గబుక్కున వెళ్లి కౌగిలించుకోదు. అన్న అడిగితే తండ్రి పేరు చెబుతుంది, ఆయన నుదుటి మీద పుట్టుమచ్చ ఉండేదంటుంది, ఆయన పోయిన రోజు గురించి చెబుతుంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. కొడుకు పోయిన నాలుగైదేళ్లకు ఆ తండ్రి రాసిన దృశ్యమది. ఇంట్లో చూసిన మంచాలూ తొడుగులూ ఒక ఎత్తు, ఈ నాలుగు నిమిషాలూ ఒక ఎత్తు. 2010లో ఆ హాలును మార్చి కట్టినప్పుడు వేదికను జనం మధ్యలోకి తెచ్చారు. మన తిరునాళ్లలో పద్యనాటకం చూసినట్టే మూడు వైపులా కూర్చుని చూడవచ్చు. అప్పటిదాకా 27 మీటర్ల దూరంలో ఉన్న ఆఖరి సీటు ఇప్పుడు 15 మీటర్లలో ఉంది. నాకు దొరికింది పైవరసలో చౌక సీటు, అయినా నటుల కళ్లలో తడి కనిపించింది. మాట పూర్తిగా అర్థం కాదేమోనని భయం వద్దు. కథ ముందుగా రెండు పేజీలు చదువుకుని వెళితే చాలు.

మిగతావి. తిండి సాదాసీదా. నది ఒడ్డున తిన్న చేపముక్కలకు ఉప్పూ కారం లేవు, కాబట్టి డబ్బాలో పులిహోర పట్టుకెళ్లండి, హంసలు మాత్రం మీద పడతాయి. టీ కొట్టు నుంచి తువ్వాలు దాకా ప్రతిదాని మీదా ఆయన బొమ్మే, ఒక్కటీ కొననక్కర్లేదు. షాటరీలో ఉన్న షేక్‌స్పియర్ భార్య ఆన్ హాథవే పుట్టింటికి మైలు పైన నడవాలి. నాటకానికి టిక్కెట్టు ఉన్న రోజున దాన్ని నేను కుదుర్చుకోలేకపోయాను, తాతయ్య ఇంకా సణుగుతూనే ఉన్నాడు.

మార్కులంటారా? ఊరికి ఐదుకు నాలుగు, నాటకానికి ఐదుకు ఐదు. అమ్మానాన్నలు చూడటానికి వచ్చినప్పుడు తీసుకెళ్లాలనుకుంటే ఒక మాట: పుట్టిన ఇంటి మెట్లు ఇరుకు, చెక్కవి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తోటలో బెంచీ మీద కూర్చోబెట్టి మీరు పైకి వెళ్లి రండి. నాటకం చూసి తిరిగేటప్పటి రైలు వేళలు పొద్దున దిగగానే చూసిపెట్టుకోండి. ఆదివారాల్లో బళ్లు తక్కువ.