గోదారి గట్టున బస: పాపికొండల్లో ఏ కాలంలో, ఎంత ఎత్తున?

పాపికొండల్లో రాత్రి బస అంటే ఒకప్పుడు కొల్లూరు ఇసుక తిన్నెలే. లాంచీ దిగి చెప్పులు చేత్తో పట్టుకుని నడిస్తే వెదురు గుడిసెలు, వాటి ముందు మెత్తటి ఇసుక, నాలుగడుగులు వేస్తే నీళ్లు. వరద తీశాక గుడిసెలు కట్టేవారు, జూన్, జులైలో ఎర్రటి వరదనీరు వచ్చేలోపు విప్పేసేవారు. దిగువన కడుతున్న పోలవరం డ్యామ్ స్పిల్‌వే (నీళ్లు వదిలే గేట్ల కట్టడం) మీదుగా 2021 జూన్‌లో నదిని మళ్లించాక ఆ లెక్క మారింది. గేట్ల కింద స్పిల్‌వే మట్టమే సముద్రమట్టానికి 25.72 మీటర్ల ఎత్తు. దాని వెనక నీళ్లు నిలబడేసరికి ఎండాకాలంలో బయటపడే తిన్నెలు చాలావరకు మునిగే ఉంటున్నాయి. పాత ఫొటోలు చూసి ఇసుక మీద పడుకోవచ్చని బయల్దేరేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. ఇప్పుడు బస అంతా గట్టు మీదా, కొండవాలులోనూ.

మేం అక్టోబరు చివర్లో ఉన్నాం, మళ్లీ ఎండలు ముదిరాక వెళ్లి ఉన్నాం. రెండూ ఒకే గోదారి అంటే నమ్మబుద్ధి కాలేదు. అక్టోబరులో నీళ్లింకా మట్టిరంగులోనే ఉన్నాయి, నడిమధ్యలో సుడులు తిరుగుతున్నాయి. గుడిసెలు చూసుకునే కొండరెడ్ల పెద్దాయన రోజూ చీకటి పడేవేళ నీటి అంచున ఒక వెదురు పుల్ల గుచ్చి వచ్చేవాడు. పొద్దున్నే వెళ్లి చూస్తే ఒకనాడు పుల్ల బయటపడి, చుట్టూ ఒండ్రు నున్నగా మెరుస్తూ ఉండేది. ఇంకోనాడు పుల్లే కనబడలేదు. “జానెడు లేచింది బాబూ. పైన వాన పడింది, శబరి నీళ్లివి” అన్నాడు. మా నెత్తిన చుక్క వాన లేదు. కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది కాబట్టి ఎగువన భద్రాచలం దగ్గరి గోదారి మట్టం ఒక్కటే చూస్తే ఇక్కడి సంగతి పూర్తిగా తెలియదు. అయినా అదీ చూడాలి: అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. ఆ ఏడాది వరద ఎంత ఎత్తుకొచ్చిందో పెద్దాయన ఒక చెట్టు మీద చూపించాడు. నేను చెయ్యెత్తినా అందనంత పైన, కొమ్మల సందున ఎండుగడ్డి, గుడ్డపీలికలు, తెగిన వల ముక్క చిక్కుకుని ఉన్నాయి.

బస ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఆ గుర్తునే. ఒకచోట నీటి అంచుకే టెంట్లు వేసి, అందుకని ఎక్కువ డబ్బు అడిగారు. మరుగుదొడ్లు ఇంకా పల్లంలో ఉన్నాయి. తెల్లారేసరికి వాటి దారంతా మోకాలి లోతు బురద. వయసు మళ్లిన మా అత్తయ్య జారి పడబోతే లాంచీ కళాసీ పట్టుకున్నాడు. మర్నాడే పై గుడిసెలకు మారిపోయాం. మెట్లు ఎక్కువే, నది కాస్త దూరమే, కానీ నేల పొడిగా ఉంది, రాత్రి నిశ్చింతగా నిద్ర పట్టింది. వెదురు తడికల సందుల్లోంచి గాలి బాగా వస్తుంది, డిసెంబరు, జనవరిలో అయితే దుప్పట్లు తప్పనిసరి. సెల్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. కరెంటు జనరేటరుతోనే, పడుకునే వేళకు ఆపేస్తారు.

తిండి విషయంలో వంక పెట్టలేను. బొంగు చికెన్ కళ్లముందే నిప్పుల మీద కాల్చి, పచ్చి వెదురు చీల్చి ఆకులో వడ్డించారు. లాంచీలో పెట్టే భోజనం మాత్రం ఆకలి తీరడానికే.

ఎండాకాలంలో నీళ్లు ఆకుపచ్చగా, నిలకడగా, చెరువులా ఉన్నాయి. ఈత కొట్టాలనిపిస్తుంది గానీ వద్దు. ఒకప్పుడు మెల్లగా లోతయ్యే ఇసుక ఉండేచోట ఇప్పుడు గట్టు దిగీ దిగగానే లోతు. పిల్లలకైతే ఒడ్డునే నిలబెట్టి చెంబుతో స్నానం. పేరంటపల్లి శివాలయం దగ్గర కొండ మీంచి వచ్చే ఊటనీళ్లు అంతకన్నా చల్లగా, హాయిగా ఉంటాయి.

లాంచీల సంగతి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద నీళ్లలోనే. ఆ మలుపులో వెళ్తున్నప్పుడు మా లాంచీలో ఎవరూ మాట్లాడలేదు. లైఫ్ జాకెట్టు ఉక్కపోసినా విప్పకండి. నీరు పెరిగిందని యాత్ర ఆపేస్తే రేవులో లాంచీ నడిపే సరంగుతో గొడవ పడకండి, డబ్బు వెనక్కిస్తారో లేదో టిక్కెట్టు కొనేటప్పుడే అడగండి. మాకు సగమే తిరిగిచ్చారు, అది అన్యాయం. యాత్ర ఆగితే గుడిసెల వాళ్లకూ ఆ పూట రాబడి ఉండదు. పోలవరం ముంపు కింద ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వంటకీ, బరువులు మోసినందుకూ ఇచ్చేది నేరుగా వాళ్ల చేతికే ఇవ్వండి.

నన్నడిగితే నవంబరు నడుమ నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి, పై గుడిసెలే తీసుకోండి. భద్రాచలం వైపు నుంచి పోచవరం రేవులో ఎక్కితే, అటు రాముణ్ణి దర్శించుకుని రావచ్చు. మెట్లెక్కలేని పెద్దవాళ్లుంటే రాజమండ్రిలో గది తీసుకుని, గండిపోచమ్మ నుంచి ఒక్కరోజు యాత్ర చేసి వచ్చేయడం మేలు.