ఖరగ్‌పూర్ చుట్టూ బి-29 రన్‌వేలు: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

కోరమాండల్‌లోనో ఫలక్‌నుమాలోనో ఖరగ్‌పూర్ మీదుగా మనవాళ్లు చాలామందే వెళ్లుంటారు. రైల్వే వర్క్‌షాపు పుణ్యమా అని శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి తరాలుగా అక్కడే స్థిరపడిన కుటుంబాలు బోలెడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ చుట్టుపక్కల అమెరికా బి-29 బాంబర్ల స్థావరాలు ఉండేవని మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. 1944 జూన్ 5న ఇక్కడి నుంచి 98 విమానాలు బ్యాంకాక్ రైల్వే యార్డుల మీదికి బయల్దేరాయి. బి-29లు చేసిన మొదటి దాడి అది.

మొదట హిజ్లీ చూడండి. ఐఐటీ క్యాంపస్‌లో ఉంది, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించాలి. బ్రిటిష్ వాళ్లు స్వాతంత్ర్య సమరయోధులను ఉంచిన ఒకప్పటి నిర్బంధ శిబిరం ఇది. 1931 సెప్టెంబర్ 16న పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా ఇక్కడే చనిపోయారు. యుద్ధకాలంలో ఇదే భవనం ఆ బి-29 దళాలను నడిపిన అమెరికా బాంబర్ కమాండ్‌కు ప్రధాన కార్యాలయమైంది, 1951లో ఐఐటీ ఇక్కడే మొదలైంది. ఇప్పటి మ్యూజియంలో సైన్స్ ప్రదర్శనలే ఎక్కువ. బాంబర్ల కోసమే వెళ్తే కొంత నిరాశ తప్పదు, కానీ ఆ భవనం ముందు నిలబడటానికైనా వెళ్లాలి.

నాకు బాగా నచ్చింది చకులియా. జార్ఖండ్‌లో ఉంది, ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ వెళ్లే లైన్లో దిగాలి. ఊరి బయట పాత రన్‌వే అలాగే పరుచుకుని ఉంది. కాంక్రీటు పలకల మధ్య సందుల్లో గడ్డి బారులు తీరింది. అంచు విరిగినచోట వంగి చూస్తే లోపలి కంకర రాళ్లు కనిపిస్తాయి. అంత బరువైన విమానాలకు మామూలు రన్‌వే చాలదని సుమారు 7,500 అడుగులకు పెంచారు. ఆ పని చేసింది వేలమంది స్థానిక కూలీలు. ఆడవాళ్లు తట్టలతో రాళ్లు మోశారు. 1943 కరువులో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చచ్చిపోయిన వెంటనే జరిగిన పని ఇది. దళాల నంబర్లు, పైలట్ల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి, ఈ కూలీల పేర్లు ఎక్కడా లేవు. వాళ్లను తలుచుకునే ఒక్క బోర్డైనా అక్కడ నాకు కనిపించలేదు. ఇది చాలా అన్యాయం.

ఎండాకాలం అసలు వద్దు. ఆ రోజుల్లో ఈ వేడికే బి-29 ఇంజన్లు మొరాయించి మంటలంటుకునేవి. డిసెంబర్, జనవరి హాయిగా ఉంటాయి. చుట్టుపక్కల ఏనుగులు తిరుగుతాయి కాబట్టి చీకటి పడకముందే ఊళ్లోకి వచ్చేయండి.

దూధ్‌కుండి కూడా అప్పటి బి-29 స్థావరమే, కానీ ఇప్పుడు మన వైమానిక దళం చేతిలో ఉంది, లోపలికి పోనివ్వరు. దానికోసం కారు మాట్లాడుకోవడం దండగ. మరో స్థావరం పియర్‌డోబా విష్ణుపూర్‌కు దగ్గరే, టెర్రకోట గుళ్లతో కలిపి చూస్తే ఒక రోజు సరిపోతుంది.

బసకు ఖరగ్‌పూర్‌లో స్టేషన్ దగ్గర లాడ్జీలు చవకే, కానీ రాత్రంతా రైళ్ల చప్పుడు. నేను దిగినచోట వేడినీళ్లని చెప్పి బకెట్‌కు విడిగా డబ్బులు అడిగారు. ముందే అన్నీ మాట్లాడుకోండి. కుటుంబంతో అయితే ఝాడ్‌గ్రామ్‌లో ఉండటం మేలు. రాజబాడీ (పాత రాజుల భవనం) ఆవరణలో హోటలుంది, పక్కనే ప్రభుత్వ టూరిజం వాళ్ల గదులున్నాయి. చకులియా కూడా అదే లైన్లో కాబట్టి పొద్దున్నే రైల్లో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు.