ఆపరేషన్‌లో తీసిన ముక్కను పరిశోధనకు వాడాలంటే: ప్రతిసారీ అడగాలా, ఒక్కసారి అడిగితే చాలా, అసలు అడగక్కర్లేదా?

రెండేళ్ల కిందట అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు, థియేటర్ బయట నిలబడ్డ నా చేతిలో నర్సు ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టింది. లోపల, చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో తేలుతున్న ముక్క, డబ్బా మీద తెల్ల ప్లాస్టర్, దాని మీద పెన్నుతో అమ్మ పేరు, వయసు. "ల్యాబ్‌లో ఇచ్చి రసీదు తెచ్చుకోండి" అంది. ఆ ఘాటుకు కళ్లు మండుతుంటే డబ్బాను రెండు చేతులతో పట్టుకుని మూడంతస్తులు దిగాను. రిపోర్టులో భయపడాల్సిందేమీ లేదన్నారు. ఇంటికొచ్చాక గాని తట్టలేదు, మరి ఆ ముక్క ఏమైంది? వాటిని మైనంలో పోసి బ్లాకులుగా చేసి ఏళ్ల తరబడి దాస్తారని తర్వాత తెలిసింది. దాని మీద ఎవరైనా పరిశోధన చేస్తే నాకేం అభ్యంతరం లేదు, కానీ మేం సంతకం పెట్టిన కాగితంలో ఆ మాట ఉందో లేదో ఇప్పటికీ తెలియదు, మాకెవరూ చదివి వినిపించలేదు.

అడగకుండా వాడుకుంటే ఏమవుతుందో బ్రిటన్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడి 1961 చట్టం ప్రకారం, చనిపోయిన వారి అవయవాలు ఉంచుకోవడానికి ఇంట్లోవాళ్లు వద్దనకపోతే సరిపోయేది. 1999లో లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే పిల్లల ఆస్పత్రి సంగతి బయటపడింది. 1988 నుంచి 1995 వరకు అక్కడ పనిచేసిన పాథాలజిస్టు (శరీర భాగాల్ని పరీక్షించి జబ్బేమిటో తేల్చే డాక్టరు), పోస్టుమార్టం చేసిన పిల్లల అవయవాలన్నీ తీసి ఉంచేశాడు. పిల్లల శరీర భాగాలున్న జాడీలే రెండు వేలకు పైగా దొరికాయి. తల్లిదండ్రుల్లో కొందరు పోస్టుమార్టం కాగితం మీద సంతకం పెట్టారు, అందులో 'టిష్యూ' అని ఉంది, వాళ్లేమో చిన్న ముక్క అనుకున్నారు, డాక్టర్ల భాషలో అది మొత్తం గుండె కూడా. ఆస్పత్రి ఒక్కో భాగం తిరిగిస్తుంటే ఒకే బిడ్డకు రెండోసారి, మూడోసారి అంత్యక్రియలు చేసుకున్నవాళ్లున్నారు. అన్నిటికన్నా నన్ను కలచివేసింది ఏమిటంటే, దాచిన వాటిలో చాలామటుకు ఏ పరిశోధనకూ వాడనేలేదు, అలా పడి ఉన్నాయి. అడిగితే సైన్స్ ఆగిపోతుందనే వాదన అక్కడే వీగిపోయింది.

సరే, అయితే ప్రతిదానికీ ప్రతిసారీ అడుగుదామా? 2003 చివర్లో బ్రిటన్ పార్లమెంటుకు వచ్చిన బిల్లు దాదాపు అదే అడిగింది, బతికున్నవాళ్ల ఆపరేషన్‌లో మిగిలిపోయిన ముక్కలకు కూడా. పరిశోధకులు గగ్గోలు పెట్టారు, వాళ్ల బాధలో నిజముంది. ఇరవై ఏళ్ల నాటి బ్లాకు తాలూకు మనిషిని ఎక్కడని వెతుకుతాం? చివరికి 2004 చట్టం మధ్యే మార్గం పట్టింది: చనిపోయినవారి విషయంలో సమ్మతి తప్పనిసరి, లేకుండా వాడితే మూడేళ్ల వరకు జైలు. బతికున్నవారి మిగులు ముక్కలకైతే, అది ఎవరిదో పరిశోధకుడికి తెలియకుండా ఉండి, పరిశోధన పద్ధతిగా ఉందో లేదో చూసే నైతిక కమిటీ ఒప్పుకుంటే, విడిగా అడగక్కర్లేదు. స్కాట్లండ్ 2006లో తన చట్టం తాను చేసుకుంది. అక్కడ సమ్మతి అనరు, అధికారమివ్వడం అంటారు, ఎందుకంటే బిడ్డను పోగొట్టుకున్న తల్లికి వివరాలన్నీ వినే శక్తి ఉండకపోవచ్చు, వినకుండానే సరేనని చెప్పే హక్కు ఆమెకుండాలి. నాకిది చాలా నచ్చింది.

మూడోది, ఒక్కసారి అడిగి ముందుముందు పరిశోధనలన్నిటికీ ఒప్పుకోలు తీసుకోవడం. పరిశోధన కోసం నమూనాలు దాచే యూకే బయోబ్యాంక్‌లో 2006 నుంచి 2010 మధ్య 5 లక్షల మంది ఇలాగే రక్తం ఇచ్చారు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చు. ఇదే పనిని దొంగచాటుగా చేస్తే ఏమవుతుందో అమెరికాలోని టెక్సస్ చూసింది: పుట్టిన పిల్లల మడమ దగ్గర తీసిన రక్తపు చుక్కల్ని తల్లిదండ్రులకు చెప్పకుండా దాచినందుకు 2009లో కేసు పడి, 50 లక్షలకు పైగా నమూనాలు ధ్వంసం చేయాల్సి వచ్చింది. ఎంత నష్టం! అయితే కాగితం మీద ఒప్పుకోలు ఉన్నంత మాత్రాన చాలదు. అమెరికాలోనే అరిజోనాలో హవాసుపాయ్ అనే ఆదివాసీ తెగవాళ్లు షుగరు వ్యాధి పరిశోధన అనుకుని రక్తమిస్తే, స్కిజోఫ్రేనియా అనే మానసిక వ్యాధి మీద, తమ పూర్వీకుల వలసల మీద కూడా వాడారు. 2010లో ఆ పరిశోధన చేసిన యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం వెనక్కిచ్చింది.

మన దగ్గర పరిశోధనకు వాడే ముక్కల కోసం విడిగా చట్టం లేదు, 1994 అవయవ మార్పిడి చట్టంలో 2011 సవరణతో టిష్యూలు చేరాయి గానీ అది చికిత్స కోసం. పరిశోధనకు దిక్కు 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు. ఖమ్మం జిల్లాలో 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగినప్పుడు హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టారన్నది పార్లమెంటరీ కమిటీ దాకా వెళ్లింది. అది ముక్కల వ్యవహారం కాదు, కానీ అడగాల్సిన మనిషిని అడగకపోవడం అంటే ఏమిటో మనకూ తెలుసు.

నా లెక్కలో ఒక్కసారి అడగడమే మేలు, బతికున్నవాళ్లకు. పాత బ్లాకులకు కమిటీ చాలు. చనిపోయినవాళ్ల విషయంలో మాత్రం ఇంట్లోవాళ్లను అడగకుండా ఒక్క గోరు కూడా ముట్టుకోకూడదు. ఆ ఒక్కసారి అడిగేటప్పుడైనా, ఆపరేషన్ కాగితాల కట్టలో కలిపేయకుండా విడిగా ఒక పేజీ, తెలుగులో ఉండాలి. 'టిష్యూ' అని వదిలేయకుండా 'మీ గర్భసంచి నుంచి తీసిన ముక్క' అని రాయాలి. ఎన్నేళ్లు దాస్తారో, బయటి కంపెనీలకు ఇస్తారో లేదో ఉండాలి. కింద వద్దు అని టిక్కు పెట్టే గడి ఒకటి, తర్వాత మనసు మారితే ఫోన్ చేయడానికి ఒక నంబరు.